పేరు లేని హాజరు

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. డ్యూటీ దిగి, అన్నం తిని, నిమ్మళంగా చదవండి.

మేం శాక్రమెంటోలో ఒకే ఇంట్లో నలుగురం ఉంటాం. ముగ్గురం కన్‌స్ట్రక్షన్ పనిలో, ఒకడు ఎమ్మెస్ చదివే పిల్లగాడు. మాది పదో తరగతి చదువు. ఇంగ్లీషు పుస్తకం పడితే పేజీకి పదిచోట్ల ఆగుతాం. అందుకే ఆదివారం రాత్రి పిల్లగాడు చదివి చెప్తాడు, మేం వింటాం, మధ్యలో ఆపి కొట్లాడుకుంటాం. ఈ చలికాలం రెండు పుస్తకాలు అయినయి. మాకు తోచింది రాస్తున్నాం, తప్పులుంటే చెప్పండి.

మొదటిది గోర్డన్ చాంగ్ అనే ప్రొఫెసర్ రాసిన 'గోస్ట్స్ ఆఫ్ గోల్డ్ మౌంటెన్'. 2019లో వచ్చింది. అమెరికా తూర్పు రైళ్లను పడమరతో కలిపిన లైనుకు పనిచేసిన చైనా కూలీల చరిత్ర. ఆ లైను పడమటి భాగం సెంట్రల్ పసిఫిక్ కంపెనీది, 1863లో మా శాక్రమెంటోలోనే మొదలైంది. తెల్ల కూలీలు చాలామంది మధ్యలో వదిలేసి నెవాడా వెండి గనులకు పోయారు. చైనా వాళ్లను పెట్టుకుందామంటే పని చూసే సూపరింటెండెంట్ స్ట్రోబ్రిడ్జ్ మొదట ఒప్పుకోలేదు. సన్నగా ఉన్నారు, వీళ్లతో ఏమైతదని. చివరికి ఆ కంపెనీ కూలీల్లో ఎక్కువమంది వాళ్లే అయ్యారు, పది పదిహేను వేల దాకా.

సియెర్రా కొండల మీద సమ్మిట్ టన్నెల్ అని ఒకటుంది. పొడవు 1,659 అడుగులు, మొత్తం గ్రానైట్. రెండు చివర్ల నుంచి తవ్వుతూ, నడిమిట్ల బావి లాగ దిగి అక్కడి నుంచి రెండు వైపులా తవ్వారు. సుత్తి, డ్రిల్లు, మందుగుండు, తర్వాత నైట్రోగ్లిజరిన్. ఒక్కో వైపు రోజుకు అడుగో రెండడుగులో పోతే గొప్ప. రాయి కొట్టిన వడ్డెరోళ్లకు దీని బాధ చెప్పక్కర లేదు. చలికాలంలో మంచు చరియలు క్యాంపుల మీద పడి ఎంతోమంది పోయారు. కొందరి ఎముకలు తర్వాత మూటగట్టి చైనాలోని సొంతూళ్లకు పంపారట. అది విని మా నిజామాబాద్ తమ్ముడు లేచి బయటికి పోయాడు. వాళ్ల చిన్నాయన గల్ఫ్ నుంచి పెట్టెలో వచ్చాడు.

1867 జూన్‌లో వాళ్లు సమ్మె చేశారు. మూడు వేల మందికి తక్కువ కాకుండా పని ఆపి కూర్చున్నారు. తెల్ల కూలీకి తిండి, బస కంపెనీ ఇచ్చేది. వీళ్లు తమ జీతంలోంచే తినాలె. నెలకు 40 డాలర్లు ఇవ్వండి, సొరంగంలో ఎనిమిది గంటలే పని అని అడిగారు. కంపెనీ పెద్ద క్రాకర్ వాళ్లకు తిండి సామాను రాకుండా ఆపేశాడు. వారంలో సమ్మె ముగిసింది.

మమ్మల్ని పట్టుకున్నది వేరే సంగతి. అన్ని వేలమందిలో ఒక్కరు రాసిన ఉత్తరం కూడా దొరకలేదంట. కంపెనీ జీతాల పుస్తకంలో ఎక్కువగా గుంపును నడిపేవాడి పేరే ఉంటది. కింద ఎవరెవరు పనిచేశారో ఉండదు. మన పాలమూరు గుంపు మేస్త్రీ లెక్కే. 1869 ఏప్రిల్ 28న ఒక్క రోజులో పది మైళ్ల పట్టా వేశారు. ఆ రోజు పట్టాలు ఎత్తిన ఎనిమిది మంది ఐరిష్ వాళ్ల పేర్లు చరిత్రలో ఉన్నయి. వాళ్లతో పాటు పనిచేసిన చైనా కూలీల పేర్లు లేవు. 1882లో చట్టం చేసి చైనా కూలీలను ఈ దేశంలోకే రానియ్యలేదు. 2014లో మాత్రం అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్లను తన హాల్ ఆఫ్ ఆనర్‌లో చేర్చింది.

పుస్తకం అయినంక మంచు కరిగే దాకా ఆగి, నలుగురం ఆ సొరంగం చూడ్డానికి పోయినం. 1993లో పట్టాలు తీసేశారు. టార్చి వేస్తే గోడ మీద డ్రిల్లు పెట్టిన గీతలు ఇంకా కనబడతయి. చెయ్యి పెట్టి చూసినం. ఎవరూ మాట్లాడలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో లెక్క వేసినం. 1867లో సమ్మె. సరిగ్గా వందేళ్లకు, 1967 ఆగస్టు 4న, నాగార్జునసాగర్ కాలువలకు ఇందిరాగాంధీ నీళ్లు వదిలింది. నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న. ఆ తేదీలు, ఆ పేర్లు బడిలో చదివినం, ఇప్పటికీ నోటికొస్తయి. సాగర్ రాతితో కట్టిన డ్యామ్. రాయి మనుషులు మోసిందే. మా తాత, నానమ్మ ఇద్దరూ అక్కడ మోసినోళ్లే. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నయి?

ఇంకొకటి చెప్పాలె, చెప్పడానికి సిగ్గుగా ఉంది. పోయిన ఎండాకాలం సైట్లో ఒక హెల్పర్ ఎండకు పడిపోయాడు. గ్వాటెమాలా మనిషి. అంబులెన్స్ వాళ్లు పేరు అడిగారు. మా నోటికి రాలేదు. రెండు నెలలు మా కింద పనిచేశాడు, 'అమీగో' అని పిలిచినం. డైలీ లాగ్‌లో 'హెల్పర్లు 6' అని రాసినం. రాసే పెన్ను మా చేతిలోదే, కంపెనీ మీద పెట్టడానికి లేదు. ఆయన కోలుకుని మళ్లీ పనికి వచ్చాడు. అయినా ఆ రోజు నోరు పెగలనిది మర్చిపోలేదు. ఆ జీతాల పుస్తకం సంగతి వింటుంటే అది మా చేతి రాత లాగే అనిపించింది.

రెండో పుస్తకం సుజాత గిడ్ల రాసిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్', 2017లో వచ్చింది. ఈమె మన ఆంధ్ర ఆడబిడ్డ, పుస్తకం వచ్చేనాటికి న్యూయార్క్ సబ్‌వేలో కండక్టర్. అమ్మనూ, మేనమామ కె.జి. సత్యమూర్తినీ అడిగి, వాళ్లు చెప్పింది రికార్డు చేసుకుని రాసింది. శివసాగర్ పేరుతో కవిత్వం రాసిన సత్యమూర్తే. దళిత కుటుంబం ఎట్ల చదువుకుంది, ఎన్నిచోట్ల అవమానపడింది, పార్టీలో కూడా కులం ఎట్ల వెంటపడింది అన్నీ ఉన్నయి. మా ఇంట్లో దీని మీద పెద్ద గొడవే అయింది. "అమెరికా వచ్చినంక ఇవన్నీ ఎందుకన్నా?" అన్నాడు ఒకడు. పిల్లగాడు అడిగాడు: "మరి నేను రూముకు వచ్చిన రోజు మీరందరూ నా ఇంటిపేరు ఎందుకడిగారు?" జవాబు లేదు. ఇంటికి కొత్తోడు వస్తే ఇంటిపేరు దాకా అడుగుతాం. సైట్లో హెల్పర్‌ను అసలు పేరే అడగం.

ఒకటి మాత్రం ధైర్యం ఇచ్చింది. సబ్‌వే బండి మీద డ్యూటీ చేసే మనిషి తన ఇంటి చరిత్ర రాసింది, ప్రపంచం చదివింది. పెద్దోళ్లు బతికుండగా అడిగింది కాబట్టే రాయగలిగింది.

మేం కూడా ఊర్లో మేనత్తకు ఫోన్ చేసినం. సాగర్ మీద తాత గుంపులో ఎవరెవరున్నారని అడిగితే, "ఇన్నేండ్లకు గుర్తొచ్చినయా బిడ్డా" అని, ఆలోచించి ఆలోచించి పదకొండు పేర్లు చెప్పింది. నోటుబుక్కులో రాసి పెట్టినం. వాళ్ల ఇండ్లల్లో అడిగినంక ఇక్కడ పెడతాం. సైట్ లాగ్‌లో ఇప్పుడు 'హెల్పర్లు 6' అని రాయట్లేదు, ఆరు పేర్లు రాస్తున్నం. స్పెల్లింగ్ వాళ్లనే అడుగుతున్నం. రోజుకు ఐదు నిమిషాలు ఎక్కువ పడుతది, అంతే.

మీ ఇంట్లో సాగర్‌కో, శ్రీశైలానికో పోయొచ్చిన పెద్దోళ్లుంటే ఈ ఆదివారం ఫోన్ చేయండి. ఆరోగ్యం అడిగినంక, ఆ గుంపులో ఎవరెవరున్నారో అడగండి. పేర్లు రాసుకోండి.