జూదమని పగలగొట్టిన ఆట

ఆటవస్తువుల చరిత్ర వ్రాయడం పెద్దమనుషులు చేయదగ్గ పని కాదనే అభిప్రాయం మనలో ఇంకా పోలేదు. రాజుల చరిత్ర చాలు, ప్రజల చరిత్ర కావాలని కోరేవారు సైతం ప్రజలు పనిచేసిన గంటలను లెక్కపెడతారుగాని, పని దిగిన తరవాత వాళ్ళు ఎక్కడికి పోయారో, జేబులో మిగిలిన చిల్లర డబ్బు ఎవరి పెట్టెలో పడిందో అడగరు. అడిగితే తెలుస్తుంది, ఆ చిల్లర చుట్టూ కూడా కర్మాగారాలు లేచాయని, వేలమంది చేతులు అందులో పనిచేశాయని, చివరకు ఆ కర్మాగారాలు కూడా తక్కిన కర్మాగారాల మాదిరిగానే మూతపడ్డాయని. అమెరికాలో షికాగో నగరం కేంద్రంగా పెరిగి, అక్కడే క్షీణించిన పిన్‌బాల్ యంత్రాల పరిశ్రమ అటువంటిది. దాని కథలో మనకు పనికివచ్చే ప్రశ్న ఒకటి వున్నది: ఒక పరిశ్రమ చచ్చిపోయిందని అన్నప్పుడు, దాన్ని చంపింది కొత్త యంత్రమా, లేక దాని యజమానుల లెక్కల పుస్తకమా?

ఈ ఆట మూలరూపం మన పాఠకులకు తెలియనిది కాదు. చెక్కపలక మీద మేకులు దిగగొట్టి, స్ప్రింగు పుల్లతో గోళీని తన్ని, అది ఏ గుంటలో ఆగితే ఆ అంకె లెక్కవేసుకునే బగటెల్ బల్ల మన పట్టణాల బొమ్మల దుకాణాల్లో కూడా అమ్మేవారు. మొదట్లో అది 18వ శతాబ్దపు ఫ్రాన్సులో ప్రభువుల విలాసం. అప్పుడు బంతిని కర్రతో పొడిచేవారు. కర్రకు బదులు స్ప్రింగును పెట్టి 1871లో పేటెంటు తీసుకున్నవాడు అమెరికాలోని సిన్సినాటిలో స్థిరపడిన మాంటేగ్ రెడ్‌గ్రేవ్. ప్రభువుల బల్ల అంగడి బల్లగా మారడానికి అది తొలిమెట్టు. రెండవ మెట్టు, అంటే నాణెం వేసే చీలిక, దాన్ని అసలైన పరిశ్రమగా మార్చింది.

ఆ పరిశ్రమ ఎప్పుడు పుట్టిందో గమనించాలి. 1929లో స్టాక్ మార్కెట్టు కూలింది. లక్షలాదిమందికి పని లేదు. 1931లో షికాగోలో డేవిడ్ గాట్‌లీబ్ ‘బాఫుల్ బాల్’ అనే యంత్రాన్ని తయారుచేశాడు. దాని ధర పదిహేడున్నర డాలర్లు. ఒక్క పెన్నీ వేస్తే అయిదు మొదలు ఏడు బంతులదాకా వచ్చేవి. అటువంటివి 50,000కు పైగా అమ్ముడుపోయాయి. గాట్‌లీబ్ అడిగినన్ని యంత్రాలు సరఫరా చేయలేకపోవడంతో, వాటిని అమ్మిపెట్టే రేమండ్ మలోనీ 1932లో ‘బాలీహూ’ అనే సొంత యంత్రం దించాడు. బాలీ కంపెనీకి ఆ పేరు అందులోంచే వచ్చింది. సినిమా టిక్కెట్టు కొనలేనివాడు పెన్నీతో పావుగంట గడిపేవాడు. గిరాకీ లేని చిల్లరకొట్టువాడికి కొద్ది రోజుల్లో యంత్రం ఖరీదు తిరిగివచ్చేది. దారిద్ర్యం ఇతర పరిశ్రమలను కూల్చి దీన్ని నిలబెట్టిందంటే అతిశయోక్తి కాదు.

షికాగోనే ఎందుకు? రైలు మార్గాలన్నీ కలిసే చోటు అది. వడ్రంగం, లోహపు పని, విద్యుత్ పరికరాల పని, ముద్రణ, అన్నీ ఆ వూళ్ళోనే దొరికేవి. 1933లో హారీ విలియమ్స్ ‘కాంటాక్ట్’ అనే యంత్రంలో విద్యుత్తు ప్రవేశపెట్టాడు. బల్లను ఎత్తి కుదిపి బంతిని దారికి తెచ్చుకునే ఆటగాణ్ణి పట్టుకోవడానికి, వేలాడే లోహపు గుండుతో ‘టిల్ట్’ ఏర్పాటు కూడా ఆయన ద్వారానే ప్రచారంలోకి వచ్చింది. గుండు ఊగి పక్కనున్న కడియానికి తగిలితే ఆట బంద్.

ఐతే తొలినాటి యంత్రంలో ఆటగాడి చేతిలో వున్నది స్ప్రింగు ఒక్కటే. బంతి పైకి పోయిన తరవాత మిగిలినదంతా మేకుల దయ. 1930లలోనే కొన్ని యంత్రాలు గెలిచినవాడికి నాణేలు కక్కడం మొదలుపెట్టాయి. నాణేలు ఇవ్వని చోట కొట్టువాడు చాటుగా డబ్బిచ్చేవాడు. కాబట్టి ఇది జూదమని అన్నవారి మాట పూర్తిగా అబద్ధం కాదు. న్యూయార్క్ మేయరు ఫియొరెల్లో లాగార్డియా సంస్కర్తగా పేరుపడ్డవాడు. బడిపిల్లలు మధ్యాహ్న భోజనానికి తెచ్చుకున్న చిల్లరను ఈ పెట్టెలు మింగుతున్నాయని, లాభం నేరస్థుల ముఠాలకు పోతున్నదని ఆయన ఆరోపణ. 1942 జనవరిలో ఆ నగరంలో పిన్‌బాల్‌ను నిషేధించారు. పోలీసులు వేలాది యంత్రాలను పట్టుకొని సమ్మెటలతో పగలగొట్టారు. యుద్ధం రోజులు కనుక లోహం యుద్ధావసరాలకు పోయింది, కర్రకాళ్ళు పోలీసు లాఠీలైనాయి. మేయరు స్వయంగా సమ్మెట పట్టుకున్న ఫోటోలు పత్రికలకెక్కాయి.

ఇక్కడ మనం తొందరపడి ఎవరి పక్షమూ పట్టగూడదు. పేదవాడి కాణీని కాపాడాలన్న కోరిక మంచిదే. కాని అదే నగరంలో స్టాక్ మార్కెట్టు తలుపులు ఎవరూ సమ్మెటతో పగలగొట్టలేదు. పెన్నీ జూదం అసహ్యంగా కనిపించి, కోట్ల జూదం వ్యాపారంగా కనిపించడం ఆనాటి నీతి. ఈ నీతి చివరకు ఎక్కడికి దారితీసిందో మనం ముందు చూడబోతున్నాం.

యుద్ధకాలంలో కర్మాగారాలు సైనిక సామగ్రి తయారీకి మళ్ళాయి. యుద్ధానంతరం 1947లో గాట్‌లీబ్ కంపెనీ ‘హంప్టీ డంప్టీ’ని దించింది. హారీ మాబ్స్ రూపకల్పన చేసిన ఆ యంత్రంలో పక్కకు మూడు చొప్పున ఆరు ఫ్లిప్పర్లు, అంటే మీట నొక్కగానే బంతిని కొట్టే చిన్న తెడ్లు వున్నాయి. మరుసటి ఏడు జెన్‌కో కంపెనీ ఉద్యోగి స్టీవ్ కోర్డెక్ ‘ట్రిపుల్ యాక్షన్’లో ఆరింటికి బదులు రెండే పెట్టి, వాటిని బల్ల అడుగుభాగాన అమర్చాడు. ఈనాటికీ ఆట స్వరూపం అదే. ఈ మార్పు చిన్నది కాదు. అంతవరకు చూస్తూ నిలబడ్డవాడు ఇప్పుడు ఆడుతున్నాడు. కంటికీ చేతికీ పని వచ్చింది. అభ్యాసం చేసినవాడు చేయనివాడికన్నా ఎక్కువసేపు బంతిని నిలుపుతాడు. జూదానికి, ఆటకు మధ్య గీత గీయవలసివస్తే ఆ తెడ్డు మొన మీదనే గీయాలి.

చట్టం ఈ మార్పును గుర్తించడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఉచితంగా మరొక ఆట ఇవ్వడం కూడా బహుమానమే, కనుక జూదమేనని కొన్నిచోట్ల వాదించారు. ఆ ఆక్షేపణ తప్పించుకోవడానికి గాట్‌లీబ్ కంపెనీ 1960లో ‘ఫ్లిప్పర్’ అనే యంత్రంతో, మరో ఆటకు బదులు మరో బంతి ఇచ్చే పద్ధతి తెచ్చింది. 1974లో కాలిఫోర్నియా రాష్ట్ర సుప్రీంకోర్టు లాస్ ఏంజిలిస్ నగరపు నిషేధాన్ని కొట్టివేసింది. 1976లో న్యూయార్క్ నగరసభ సంఘం ఎదుట రోజర్ షార్ప్ అనే పత్రికారచయిత యంత్రం ఆడి చూపించాడు. స్ప్రింగును లాగేముందే బంతి ఏ సందులోంచి దిగుతుందో చెప్పి, అలాగే దించాడు. అందులో అదృష్టం పాలు వున్నదని తరవాత ఆయనే ఒప్పుకున్నాడు. ఏమైతేనేం, నిషేధం పోయింది.

నిషేధం పోయిన వెంటనే పరిశ్రమ శిఖరానికి చేరింది. 1977లో బాలీ తయారుచేసిన ‘ఎయిట్ బాల్’ 20,230 యంత్రాలు పోయాయి. కాని ఆ రోజుల్లోనే రెండు మార్పులు వచ్చాయి. మొదటిది, రిలేలు, తిరిగే అంకెల చక్రాలు పోయి వాటి స్థానంలో మైక్రోప్రాసెసర్లు వచ్చాయి. రెండవది వీడియో ఆట. జపానులో పుట్టిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ 1978లోను, ‘పాక్‌మాన్’ 1980లోను వచ్చాయి. పిన్‌బాల్‌ను వీడియో చంపిందని అందరూ చెప్పే కథ ఇక్కడ మొదలవుతుంది. అందులో కొంత నిజం వున్నది. ఉక్కు బంతి నిత్యం కొడుతూ వుండగా పిన్‌బాల్ యంత్రంలో ఏదో ఒకటి విరుగుతూనే వుంటుంది, మెకానిక్కు రావాలి. వీడియో పెట్టెకు ఆ బాధ తక్కువ. యంత్రాలను కొట్లలో పెట్టి, నాణేలను కొట్టువాడితో పంచుకునే ఆపరేటరు ఎటు మొగ్గుతాడో వేరే చెప్పనక్కరలేదు. కాని ఆ రెండు వీడియో ఆటలను అమెరికాలో తయారుచేసి అమ్మిన మిడ్‌వే కంపెనీ ఎవరిది? బాలీదే! పాత సరుకునూ దాన్ని తరిమే సరుకునూ ఒకే యజమాని అమ్మాడు. లాభం ఎటు పోతే కంపెనీ అటు పోయింది.

పిన్‌బాల్ మాత్రం అప్పటికి చావలేదు. 1992లో పాట్ లాలర్, లారీ డిమార్‌లు రూపకల్పన చేసిన ‘ఆడమ్స్ ఫామిలీ’ 20,270 యంత్రాలు అమ్ముడై, పదిహేనేళ్ళనాటి ‘ఎయిట్ బాల్’ లెక్కను దాటింది. ‘పాక్‌మాన్’ వచ్చిన పన్నెండేళ్ళకు ఇది జరిగిందన్న సంగతి మరువరాదు. అయినా యజమాన్యాల పునాది అప్పటికే కదిలింది. గాట్‌లీబ్ కంపెనీ సినిమాలు తీసే కొలంబియా చేతికి, 1982లో కొలంబియాతోపాటు కోకాకోలా చేతికి పోయింది. 1984లో ప్రీమియర్ అనే పేరుతో బయటపడి, 1996లో మూతపడింది. జూదగృహాల వ్యాపారంలోకి దిగిన బాలీ తన పిన్‌బాల్ శాఖను 1988లో విలియమ్స్‌కు అమ్మివేసింది. 1990లలో విలియమ్స్ కూడా నాణేల జూదయంత్రాల తయారీలోకి దిగింది.

1999లో విలియమ్స్ ఇంజనీర్లు తమ శాఖను నిలబెట్టుకోవడానికి చివరి ప్రయత్నం చేశారు. వీడియో బొమ్మను అద్దంలో ప్రతిఫలింపజేసి, నిజమైన బల్ల మీద, నిజమైన బంతి దాన్ని కొట్టినట్టు కనిపించే ‘పిన్‌బాల్ 2000’ను తయారుచేశారు. రెండే రెండు ఆటలు వెలువడ్డాయి. అదే సంవత్సరం అక్టోబరు 25న కంపెనీ పిన్‌బాల్ శాఖను మూసివేసింది. ఆ తరవాత కంపెనీ పెట్టుబడి, బుద్ధిబలం జూదయంత్రాలకు మళ్ళాయి. పాఠకులు 1942ను జ్ఞాపకం తెచ్చుకోవాలి. జూదమనే నెపంతో ఈ ఆటను సమ్మెటలతో పగలగొట్టారు. జూదం కాదని రుజువు చేసుకోవడానికి అది మూడు దశాబ్దాలు పోరాడింది. గెలిచిన తరవాత, జూదమంత లాభం తేలేదనే కారణాన దాని యజమానే దాన్ని మూసివేశాడు. ఈసారి సమ్మెట అవసరం లేకపోయింది, డైరెక్టర్ల తీర్మానం సరిపోయింది. అటుపై చాలా ఏళ్ళు పెద్దఎత్తున పిన్‌బాల్ తయారుచేసింది స్టెర్న్ కంపెనీ ఒక్కటే.

మూతపడిన పరిశ్రమ వస్తువులకు ఏమి గతి పట్టింది? చాలా భాగం చెత్తకుప్పలకు పోయింది. మిగిలినవి నేలమాళిగలలో, పశువుల కొట్టాల్లో దుమ్ముపట్టి పడివుండగా, కొందరు వాటిని వెతికి తెచ్చి బాగుచేయసాగారు. ఆ పని వినడానికి సరదాగా వుంటుంది, చేయడానికి ఓపిక కావాలి. మైక్రోప్రాసెసర్లకు ముందుకాలపు యంత్రం బల్లను ఎత్తి చూస్తే లోపల తీగల అడవి కనిపిస్తుంది. వందలకొద్దీ రేకు స్విచ్చులు. ఒక్కొక్కదాని రెండు మొనల మధ్య సందు సరిగా వుండాలి. మొనల మీద మసి పట్టితే సన్నని ఆకురాయితో గీయాలి. ఎక్కువ గీస్తే మొన అరిగిపోతుంది. లెక్కపెట్టే చక్రాలలో దశాబ్దాలనాటి గ్రీజు జిగురై బిగుసుకుపోతుంది. దాన్ని కడిగి తీయాలేగాని మళ్ళీ నూనె కుమ్మరించకూడదు. యాభై పాయింట్లు రావలసినచోట నలభై వస్తే, విద్యుత్ పటం ముందు పెట్టుకొని, ఒక మోటారు తిరిగే క్రమంలో అయిదవ తాకిడి ఎక్కడ తప్పిందో వెతకాలి.

నిలువు పెట్టెలోని బొమ్మ అద్దం ఇంకా సుకుమారం. దాన్ని అద్దం వెనుక పక్క నుంచి, ముందుకు కనిపించవలసిన రంగులను ముందుగా వేస్తూ అచ్చువేశారు. తేమ, బల్బుల వేడి కలిసి ఆ రంగును పెచ్చులుగా రాలుస్తాయి. తుడవబోతే బొమ్మే పోతుంది. అందుకే బాగుచేసేవారు ముందు దాన్ని పారదర్శకమైన పూతతో నిలిపి, పావు ఆంపియరు తాగే 44 నంబరు బల్బులు తీసి 0.15 ఆంపియరుతో వెలిగే 47 నంబరు బల్బులు పెడతారు. వేడి తగ్గుతుంది, బొమ్మ బతుకుతుంది.

ఈ పనిలో ఒక వివాదం వున్నది. బంతి పొర్లి పొర్లి రంగు అరిగి, చెక్క బయటపడ్డ బల్లను కొత్తదానిలా మెరిపించాలా, లేక ఆ అరుగుదలను అలాగే వుంచాలా? ఆ అరిగిన చోటు పాడైన చోటు కాదు, ఎందరో పనివాళ్ళు సాయంకాలాలు నిలబడి ఆడిన జాడ. ఆట ఆడడానికి వీలుగా బాగుచేయడం న్యాయమే. జాడను పూర్తిగా చెరిపివేస్తే మిగిలేది చరిత్ర కాదు, అలంకారం. నేడు పాత యంత్రాలు చాలా వరకు ధనవంతుల ఇళ్ళలో అలంకారాలుగానే నిలుస్తున్నాయి. 2011 తరవాత కొత్త కంపెనీలు కూడా లేచాయి, పరిశ్రమ కొంత కోలుకున్నది. కాని కొత్త యంత్రం ధర వేలకొద్దీ డాలర్లు. పదిహేడున్నర డాలర్లతో పుట్టి, పెన్నీతో బతికిన ఆట ఇంటి మేడమీదికి ఎక్కింది. లాస్ వేగాస్‌లోని పిన్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ వంటి చోట్ల మాత్రం ఎవరైనా నాణెం వేసి పాత యంత్రాన్ని ఆడవచ్చు.

ఈ పరిశ్రమ చరిత్రలో యజమానుల పేర్లున్నాయి, రూపకర్తల పేర్లున్నాయి, సమ్మెట పట్టిన మేయరు పేరు వున్నది. మేకులు నాటిన పలక మీద ఒక్కొక్క తీగనూ వరుస తప్పకుండా అల్లి కట్టకట్టిన కార్మిక స్త్రీల పేర్లు లేవు. యంత్రాన్ని బాగుచేసేవాడు ఆ కట్టను విప్పినప్పుడు, అరవై ఏళ్ళ తరవాత కూడా సడలని ముడిని చూస్తాడు. బల్ల మీది బంతి ఎంతసేపు ఆడినా చివరకు గుంటలో పడవలసిందే, అది ఆట నియమం. కర్మాగారం మూతపడడం మాత్రం ఏ నియమమూ కాదు. మనుషులు బల్ల చుట్టూ కూచుని చేసిన నిర్ణయం. ఒకదాన్ని మరొకటిగా పొరపడకుండా చూడడమే చరిత్ర చదివేవారి పని.