నిపుణుడి మీద పెత్తనం ఎవరిది?

స్వతంత్ర భారత పాలనాయంత్రంలో ఒక పాత చిక్కుముడి ఉంది. ఆనకట్ట కట్టేది ఇంజినీరు, రోగం కనిపెట్టేది వైద్యుడు. దస్త్రంపై చివరి సంతకం మాత్రం తరచుగా ఆ విద్య తెలియని కార్యదర్శిది. ఐసీఎస్ కాలం నుంచి సంక్రమించిన ఏర్పాటిది.

హోమీ భాభా ఈ అంచెను తప్పించి దారి వేసుకున్నారు. 1948లో అణుశక్తి సంఘం ఏర్పడింది. 1954లో అణుశక్తి శాఖ నేరుగా ప్రధాని నెహ్రూ అధీనంలో ఏర్పడినప్పుడు, దాని కార్యదర్శి భాభాయే. శాఖ కార్యదర్శే సంఘానికి అధ్యక్షుడని 1958 తీర్మానం స్థిరపరచింది. ఆర్థిక సభ్యుడికీ సంఘంలోనే చోటిచ్చారు. దాంతో ఖర్చుపై అభ్యంతరమైనా సమాధానమైనా ఒకే బల్ల దగ్గర తేలేది. 1972లో అంతరిక్ష శాఖ ఇదే బాట పట్టింది. సతీష్ ధావన్ శాస్త్రవేత్తగానే కార్యదర్శి అయ్యారు.

మిగతా శాఖల మాటేమిటి? ఉన్నత పదవులను నిపుణులకూ తెరవాలని మొదటి పరిపాలనా సంస్కరణల సంఘం 1969లో సిఫారసు చేసింది. ఐఏఎస్ ప్రాబల్యం మాత్రం చెక్కుచెదరలేదు.

అయితే భాభా నమూనాకూ మూల్యముంది. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అప్పట్లో అదే సంఘానికి జవాబుదారీగా ఉండాల్సి వచ్చింది. దానికి తగిన స్వతంత్ర ప్రతిపత్తి లేదని 2012లో కాగ్ తప్పుపట్టింది.

విషయం తెలియని అధికారి పనిని ఆలస్యం చేయవచ్చు. అడిగేవాడే లేకపోతే నిపుణుడి పొరపాటు బయటపడకుండానే పోవచ్చు. నిర్ణయం నిపుణుడికి వదిలినా, సామాన్యుడికి అర్థమయ్యేలా సంజాయిషీ అడిగే హక్కును ప్రజాస్వామ్యం వదులుకోకూడదు.