యాజకుడు చూసిన మచ్చ



పోయిన నెల మొదటి ఆదివారం, ప్రభురాత్రి భోజనానికి ముందు, సంఘ పెద్ద ఒకాయన నన్ను పక్కకు పిలిచారు. "అయ్యగారూ, ఆ పిల్లకు చేతి మీద తెల్లమచ్చ లేచింది. పాత్ర అందరికన్నా ఆఖరున ఇస్తే మంచిది గదా" అన్నారు. ఒకే పాత్రలో తాగే పాత పద్ధతి మాది. నేను కాదనలేదు, ఔననలేదు. ఆ బిడ్డ ఏమి గమనించిందో ఏమో, ఆ రోజు పాత్ర దగ్గరకే రాలేదు. నా మౌనం నన్ను వారమంతా నిద్రపోనివ్వలేదు. ఆమెను అడిగే ఇది రాస్తున్నాను.

ఇంటికొచ్చి లేవీయకాండము 13వ అధ్యాయం తీశాను. సెమినరీలో పరీక్ష కోసం చదివి వదిలేసిన అధ్యాయమది. ఈసారి నిదానంగా చదివితే, అక్కడ యాజకుడికి తొందర లేదు. మచ్చ చర్మంకంటే లోతుగా ఉందా, దాని మీద వెండ్రుక తెల్లబడిందా అని చూస్తాడు. తేలకపోతే ఏడు దినాలు ఆగుతాడు. మళ్ళీ చూసి, ఇంకో ఏడు దినాలు ఆగుతాడు. 40వ వచనంలో తలవెండ్రుకలు రాలి బట్టతల అయినవాడు పవిత్రుడే అని రాసి ఉంది (మన సంఘంలో కొందరికి ఇది ఆదరణ వాక్యం). ఒళ్ళంతా తెల్లబడిపోయినవాడిని కూడా 13వ వచనం పవిత్రుడనే అంటుంది. మనమేమో ఒక్క చిన్న మచ్చ చూసి, ఒక్క నిమిషంలో తీర్పు చెప్పేస్తాం.

హెబ్రీలో అక్కడున్న మాట 'ట్సారాత్'. బట్టకూ, ఇంటి గోడకూ కూడా అది పట్టవచ్చునని అదే గ్రంథం చెబుతుంది. గోడకు పట్టేది బూజు కావచ్చు గాని కుష్ఠు కాదు గదా! గ్రీకులోకి తర్జుమా చేసినవారు దాన్ని 'లెప్రా' అన్నారు. పొలుసులు లేచే చర్మవ్యాధులకు గ్రీకువారు వాడిన మాట అది. మన దగ్గర ఆయుర్వేదం కూడా 'కుష్ఠం' అనే పేరు కింద పద్దెనిమిది రకాల చర్మరోగాలను చేర్చింది. రెండు పక్కలా విశాలమైన మాటలే. ఒక్క రోగానికి అవి బిగుసుకుపోవడంతో, మన బైబిలు చదివేవారికి ప్రతి తెల్లమచ్చా భయమే అయింది.

మన సముద్రపు ఒడ్డున ఎండ, ఉప్పుగాలి, చెమట. ఉప్పుమళ్ళలో, రొయ్యల గుంటల మీద పనిచేసేవారికి తామర, గజ్జి, చెమటకాయలు కొత్త కాదు. చర్మం తనకుతాను నెలకొకసారి పైపొరను మార్చుకుంటూ ఉంటుంది. దాని అడుగున రంగు తయారుచేసే కణాలుంటాయి. అవి నశిస్తే వచ్చేది బొల్లి, అది అంటదు. శోభి అనేది చెమటపట్టే ఒంటి మీద పెరిగే ఒక రకం శిలీంధ్రం, పూతమందుతో పోతుంది. కుష్ఠు వీటి జాతి కాదు. దాని క్రిమిని 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కనిపెట్టాడు. అది చర్మంలోని నరాలను పట్టుకుంటుంది. అందుకే ఆ మచ్చ మీద స్పర్శ తెలియదు, చెమట పట్టదు, వెండ్రుకలు రాలతాయి.

ఇక్కడ మన పొరుగునున్న రాయవేలూరు సంగతి చెప్పాలి. నెల్లూరోళ్ళం పెద్ద జబ్బు చేస్తే బస్సెక్కే ఊరే. మిషనరీ దంపతులకు 1914లో కొల్లిమలై కొండల్లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో అక్కడికి వచ్చాడు. చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రిలో డాక్టర్ కాక్రేన్ దగ్గరికి వెళ్ళినప్పుడు, వంకరపోయిన వేళ్ళున్న ఒక రోగి చేయి పట్టుకున్నాడు. ఆ పట్టుకు బ్రాండ్ చేయే నొప్పిపుట్టింది. చచ్చిపోయిందనుకున్న చేతిలో ఇంత బలమెక్కడిదని ఆలోచించి, పనిచేస్తున్న కండరాల స్నాయువులను మార్చి కుట్టి, వేళ్ళు తెరిపించే శస్త్రచికిత్స మొదలుపెట్టాడు. వేళ్ళు రోగంవల్ల కుళ్ళి రాలిపోవని, నొప్పి తెలియక కాలి, తెగి, పుండుపడి పోతాయని ఆయన గ్రహించాడు. కొందరికి రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్ళు కొరికినా మెలకువ రాలేదట. అందుకని ఇంటికి వెళ్ళేవారికి పిల్లులను ఇచ్చి పంపేవారు! కనుబొమలు రాలిపోయి ఊళ్ళో గుర్తుపట్టబడేవారికి, తలవెండ్రుకలున్న చర్మాన్ని తెచ్చి కనుబొమలు అతికారు. అవి తలజుట్టులాగే పెరుగుతూ ఉంటే రోగులు కత్తిరించుకోవలసి వచ్చేది. మొఖం తిరిగి వచ్చిన సంతోషంలో కొందరు కత్తిరించనే లేదట.

మందు కూడా వచ్చింది. 1940లలో డాప్సోన్, 1982 నుండి రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స. ఆరు నెలలో, సంవత్సరమో వాడితే చాలు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. చట్టమే ఆలస్యం చేసింది. క్రైస్తవులకు వర్తించే 1869 విడాకుల చట్టంలో కుష్ఠు ఒక కారణంగా ఉంటూ 2019లో గాని తొలగలేదు. అంటే నేను పెళ్ళిళ్ళు చేయడం మొదలుపెట్టిన ఏళ్ళలో కూడా, సుఖంలోను దుఃఖంలోను అని నేను చెప్పించిన ప్రమాణం పక్కన ఆ రాత ఉండనే ఉంది. నాకప్పుడు తెలియదు.

మొన్న గురువారం ఆ బిడ్డను, వాళ్ళమ్మను వెంటబెట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. డాక్టరమ్మ ఆమెను కళ్ళు మూసుకోమని, దూది పోచతో మచ్చ మీద తాకించింది. తాకిన ప్రతిసారీ వేలు సరిగ్గా అక్కడే పెట్టి చూపించింది. బొల్లి. ఒకవేళ కుష్ఠే అయినా మాత్రలు మింగుతూ తన వరుసలోనే కూర్చునేదని, ఆ పెద్దాయనకు వాళ్ళింటి అరుగు మీద కూర్చుని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, చిన్నప్పుడు వాళ్ళ మేనత్తను ఊరి బయట పాకలో ఉంచారని, అన్నం తానే దూరంగా పెట్టి వచ్చేవాడినని చెప్పారు.

రేపు ఆదివారం మళ్ళీ బల్ల ఉంది. ఆ బిడ్డ తర్వాత పాత్ర తాను తీసుకుంటానని ఆయనే అడిగారు.