తపాలా బిళ్ల లేని ఉత్తరములు

ఉత్తరము వ్రాయువాడే తపాలా బిళ్ల కొని అంటింపవలెననుట మనకు సహజముగ తోచును. కాని ఇది అనాదిగ వచ్చిన ఆచారము కాదు. 1840కి పూర్వము ఇంగ్లండులో ఉత్తరపు ఖర్చును సామాన్యముగ అందుకొనువాడే చెల్లించుచుండెను. ఈ పద్ధతిని మార్పవలెనని 1837లో రోలండ్ హిల్ అనునతడు ప్రతిపాదించెను. 1840 మే నెలలో మొదటి తపాలా బిళ్ల వాడుకలోనికి వచ్చెను. బ్రిటిషు ఇండియాలో 1854లో, దూరముతో నిమిత్తము లేకుండ, తేలికపాటి ఉత్తరమునకు అర్ధణా రేటు ఏర్పడెను. మేడ్చల్, శామీర్‌పేటలు చేరియుండిన హైదరాబాదు సంస్థానము 1869లో తన సొంత బిళ్లలను వెలువరించెను.

ఈ చిన్న కాగితపు ముక్క మరియొక మేలు కూడ చేసెను. ప్రతి ఉత్తరమునకు పంపువాని చేతిసొమ్ము పోవును గనుక, లక్షలమందికి ఊరక ఉత్తరములు పంపుటకు ఎవడును సాహసింపడు. ఈమెయిలు వచ్చి ఈ కట్టుబాటును తలక్రిందులు చేసినది. అందు ఒక లేఖ పంపినను, పదిలక్షలు పంపినను ఖర్చులో భేదము స్వల్పము. వానిని దాచుట, ఏరుట, చదివి పారవేయుట అను భారమంతయు మరల అందుకొనువానిపైననే పడినది.

మొదటి హెచ్చరిక

1971లో రే టామ్లిన్‌సన్ అను అమెరికను ఇంజనీరు, అర్పానెట్ అను ప్రయోగాత్మక జాలములో ఒక కంప్యూటరునుండి వేరొక కంప్యూటరునకు లేఖ పంపు ఏర్పాటు చేసెను. 1975లోనే జాన్ పోస్టెల్ రాబోవు చిక్కును గుర్తించెను. అక్కరలేని సందేశములు పంపువానిని మాత్రము ఏరి నిరాకరించు సాధనము ఆ జాలమున లేదని ఆయన ఒక చిన్న వ్యాసమున సూచించెను. 1978 మే నెలలో ఒక కంప్యూటరు కంపెనీ ఉద్యోగి దాదాపు 400 మందికి ఒకేసారి వ్యాపార ప్రకటన పంపగా ఆ హెచ్చరిక నిజమయ్యెను.

ఇట్టి లేఖలకు ‘స్పామ్’ అను పేరు తరువాత వచ్చినది. అది 1937లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన డబ్బా మాంసము పేరు. 1970లో ఒక బ్రిటిషు హాస్య కార్యక్రమమున ఆ మాటను విసుగు పుట్టునంతగ మరల మరల పలికిరి. ఆ పోలికయే ఈ పేరునకు మూలము.

లెక్కయే బిళ్ల

ఈమెయిలునకు కూడ ఒక బిళ్ల అంటింపరాదా? 1992లో సింథియా డ్వర్క్, మోనీ నావోర్ అను శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు చక్కని జవాబు కనుగొనిరి. పంపువాడు డబ్బునకు బదులు కంప్యూటరు శ్రమను చెల్లింపవలెను. ప్రతి లేఖకును ఒక కఠినమైన లెక్క చేసి చూపవలెను. లెక్కకు 5 సెకండ్లు పట్టుననుకొందము. ఒక్క లేఖ వ్రాయువానికి అది లెక్కలోనిది కాదు. పదిలక్షల లేఖలు పంపువానికి మాత్రము దాదాపు 58 దినములు పట్టును. 1997లో ఆడమ్ బాక్ ‘హ్యాష్‌క్యాష్’ అను పేర ఇట్టి పద్ధతినే రూపొందించెను. కాని మోసగాండ్రు ఇతరుల కంప్యూటర్లను రహస్యముగ వశపరచుకొని వానిచేతనే పని చేయింపగలరు గనుక ఈ బిళ్ల ఈమెయిలులో వ్యాపింపలేదు. ఆ భావమే తరువాత బిట్‌కాయిన్‌లో ఉపయోగపడినది.

మాటలను తూచు త్రాసు

రెండవ మార్గము లేఖలోని మాటలను పరీక్షించుట. దీనికి ఆధారము 1763లో ప్రకటింపబడిన థామస్ బేస్ సంభావ్యతా సూత్రము. 1998లో కొందరు పరిశోధకులు దీనిని చెత్త లేఖలను ఏరుటకు వినియోగించిరి. 2002లో పాల్ గ్రాహం వ్రాసిన వ్యాసముచే ఇది ప్రచారము పొందెను.

ఉదాహరణకు, ‘బహుమతి’ అను మాట 100 చెత్త లేఖలలో 40 యందును, 100 మంచి లేఖలలో ఒక్కదానియందును ఉన్నదనుకొందము. రెండు రకముల లేఖలును సమానముగ వచ్చుచున్నచో, ఆ మాట గల లేఖ చెత్తదగుటకు సంభావ్యత 40/41. ‘ప్రయోగశాల’ అను మాట చెత్తలో ఒక్కదానియందును, మంచివానిలో 20 యందును ఉన్నచో, రెండు మాటలును గల లేఖకు నిష్పత్తి 40:20, అనగా 2:1కి తగ్గును. ఇట్లు అనేక పదములను తూచి యంత్రము తీర్పు చెప్పును. అందుకొనువాడు ‘ఇది స్పామ్’ అని గుర్తించిన ప్రతిసారి త్రాసునకు ఒక క్రొత్త పాఠము నేర్పినట్లే.

2004లో బిల్ గేట్స్ రెండేండ్లలో ఈ సమస్య తీరునని చెప్పెను. అది తీరలేదు. పంపువారు అక్షరములు మార్చి, మాటలను బొమ్మలలో దాచి త్రాసును మోసగింపసాగిరి. నేటికిని ప్రపంచమున పంపబడు ఈమెయిళ్లలో దాదాపు సగము ఇట్టివే.

పంపినవాడెవడు?

అందుచే లేఖ ఎచ్చటనుండి వచ్చినదని పరీక్షించు పద్ధతులు ఏర్పడెను. ఒక సంస్థ తన పేర లేఖలు పంపదగు యంత్రముల జాబితాను బహిరంగముగ ప్రకటించుట ఒకటి. దీనిని ఎస్‌పీఎఫ్ అందురు. రహస్య సంకేతముతో లేఖపై ముద్ర వేయుట రెండవది, ఇది డీకిమ్. పరీక్ష తప్పిన లేఖలను ఏమి చేయవలెనో తెలుపునది డీమార్క్. 2024 ఫిబ్రవరినుండి గూగుల్, యాహూ సంస్థలు పెద్దయెత్తున లేఖలు పంపువారికి ఇట్టి ముద్రలను తప్పనిసరి చేసినవి.

మనదేశమున 2008 సవరణచే ఐటీ చట్టమున చేరిన 66ఎ విభాగము, విసుగు కలిగించుటకు గాని మోసగించుటకు గాని పంపు ఈమెయిళ్లను కూడ నేరముగ చెప్పెను. కాని దాని మాటలు మరీ విశాలములై వాక్‌స్వాతంత్ర్యమునకు అడ్డు వచ్చుటచే 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను.

మన చేతిలోనిది

ముద్ర సరియైనంత మాత్రమున పంపినవాడు నిజాయితీపరుడు కాడు. మోసగాడును ఒక పేరు కొని, దానికి ముద్ర వేసికొనగలడు. నేడు మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతము కళాశాలలకు నెలవైనది. ఉద్యోగమునకో, విద్యార్థివేతనమునకో ఎదురుచూచు విద్యార్థికి ‘ముందుగ కొంత రుసుము కట్టుడు’ అని లేఖ వచ్చినచో, పోవునది వాని తలిదండ్రుల కష్టార్జితము.

కావున చిరునామాను చివరినుండి చదువుట నేర్వవలెను. ‘ఏసీ.ఇన్’ విద్యాసంస్థలకును, ‘జీఓవీ.ఇన్’ ప్రభుత్వమునకును కేటాయింపబడినవి. ప్రసిద్ధమైన పేరు మొదట నుండి, తుది పేరు వేరొకటియైనచో అనుమానింపవలెను. ముఖ్యమైన పనులకు ఒక చిరునామా, తక్కినవానికి వేరొకటి ఉంచుకొనుట మేలు. తెలియనివారి లేఖలో ‘ఇక పంపవద్దు’ అను మీటను నొక్కరాదు. ఈ చిరునామా సజీవముగ నున్నదని అది వానికి తెలుపును. బొమ్మలు తమంతట తెరచుకొనకుండ అమర్చుకొనుట కూడ ఇందుకే. మంచి లేఖ పొరపాటున చెత్తలో పడవచ్చును గనుక ఆ పెట్టెను అప్పుడప్పుడు చూచుచుండవలెను. డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

బిళ్ల ఉన్న కాలమున పంపువాడు ఒక క్షణము ఆలోచించెడివాడు. ఆ బిళ్ల లేని నేడు ఆ క్షణమును అందుకొనువాడే వెచ్చింపవలెను. బడిలో ఉత్తరము వ్రాయుట నేర్పినట్లే, వచ్చిన ఉత్తరమును పరీక్షించుటయు నేర్పవలసి యున్నది.