అర్గయోస్ నాణేలు

రోమన్ సామ్రాజ్యంలో కప్పడోకియా రాష్ట్రానికి రాజధాని కైసరియా. ఆ పట్టణపు టంకశాల అర్గయోస్ అనే అగ్నిపర్వతాన్ని బొరుసు మీద వేసి ముద్రించిన వెండి, కంచు నాణేలకు అర్గయోస్ నాణేలని పేరు. కైసరియా నేటి తుర్కియేలోని కైసేరి. కొండ ఆ ఊరికి దక్షిణంగా ఉన్న ఎర్జియెస్, ఎత్తు 3,917 మీటర్లు. రోమన్ల ఏలుబడిలోని ఊళ్లు తమ కొండల్ని నాణేలకెక్కించడం అరుదేమీ కాదు. పాలస్తీనాలోని నియాపొలిస్ పట్టణం గెరిజీమ్ కొండను, పైనున్న గుడిని, అక్కడికి వెళ్లే మెట్లదారిని కూడా చూపించింది. కానీ ఒకే కొండను, అదీ దేవుడిగా కొలిచే ఒక అగ్నిపర్వతాన్ని, రెండు శతాబ్దాలకు పైగా ఇన్ని రూపాల్లో ముద్రించడంలో కైసరియాకు సాటి వచ్చే ఊరు లేదు.

కొండ, ఊరు

ఊరి పాత పేరు మజాక. కప్పడోకియా రాజుల కాలంలో అది యూసేబియా అయింది. ఆఖరి రాజు అర్కెలావోస్ అగస్టస్ మీది గౌరవంతో దాన్ని కైసరియాగా మార్చాడు. క్రీ.శ. 17లో టైబీరియస్ ఆ రాజ్యాన్ని రోమన్ రాష్ట్రంగా కలుపుకున్నాడు. అప్పటికే కొండ నాణేల మీద ఉంది. అర్కెలావోస్ కాలపు చిన్న కంచు నాణేల మీదే దాని శిఖరం కనిపిస్తుంది కాబట్టి, ఇది రోమ్ పంపిన బొమ్మ కాదు. స్థానికుల దేవుణ్ణి రోమ్ ఉన్నచోటనే ఒప్పుకుని, బొమ్మ వైపు తన చక్రవర్తి తలను చేర్చింది.

ఆ రోజుల్లో కొండ ఎలా ఉండేదో భూగోళ రచయిత స్ట్రాబో రాసిపెట్టాడు. అతను కప్పడోకియాకు ఉత్తరాన ఉన్న అమాసియాలో పుట్టినవాడు. శిఖరం మీద మంచు ఏనాడూ కరగదనీ, చుట్టూ అడవులున్నా వాటి దిగువన నేల లోపల నిప్పు ఉంటుందనీ, అక్కడి గుంటల్లో పశువులు పడిపోతుంటాయనీ, చిత్తడి నేలల్లో రాత్రిపూట మంటలు లేస్తాయనీ చెప్పాడు. కొండెక్కిన కొద్దిమంది అక్కడి నుంచి నల్ల సముద్రం, మధ్యధరా సముద్రం రెండూ కనిపిస్తాయంటారని కూడా రాశాడు. ఈ ఒక్క మాట నమ్మదగ్గది కాదు. అంత ఎత్తు నుంచి దిగంతం సుమారు 220 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, నల్ల సముద్ర తీరం 300 కిలోమీటర్లకు పైగా ఉంది, మధ్యలో పర్వత శ్రేణులు అడ్డం. ఆధునిక కాలంలో నమోదైన మొదటి ఆరోహణ 1837 నాటిది. ఎక్కినవాడు బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం జాన్ హామిల్టన్.

క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు వక్త, తూరు నగరానికి చెందిన మాక్సిమస్, విగ్రహాలు లేకుండా దేవుణ్ణి కొలిచే జాతులను లెక్కపెడుతూ కెల్టుల ఓక్ చెట్టును, అరబ్బుల రాతిని పేర్కొని, కప్పడోకియా వారికి కొండే దేవుడు, కొండ మీదే ప్రమాణం అన్నాడు. ఈ నాణేలను అర్థం చేసుకోవడానికి ఆ వాక్యమొక్కటి చాలు. బొరుసు మీద ఉన్నది ప్రకృతి దృశ్యం కాదు, మూలవిరాట్టు.

టంకశాల, సైన్యం

అయితే ఈ టంకశాలను నడిపింది భక్తి ఒక్కటే కాదు, సైన్యం జీతాలు కూడా. వెస్పేసియన్ కాలంలో కప్పడోకియా యూఫ్రటీస్ సరిహద్దుకు కాపలా రాష్ట్రమైంది. మెలిటీన్, సటాల శిబిరాల్లో లీజియన్లనే రోమన్ సేనాదళాలు స్థిరపడ్డాయి. వారికీ వారి చుట్టూ సాగే వ్యాపారానికీ కావలసిన వెండి చాలావరకు ఇక్కడే తయారైంది. ట్రేజన్ పార్థియా మీదికి వెళ్లిన 114–117లోను, లూసియస్ వేరస్ పేరిట సాగిన 161–166 యుద్ధంలోను, ఆ తరువాత సెప్టిమియస్ సెవెరస్ కాలంలోను కైసరియా నాణేల వరద చూస్తే, తూర్పున ఎప్పుడు కదలిక వచ్చిందో చరిత్ర పుస్తకం తెరవకుండానే చెప్పవచ్చు.

ఇవి రాష్ట్రీయ నాణేలు, ఆ ప్రాంతంలో చెలామణీకి ఉద్దేశించినవి. వెండిలో ద్రాక్మాలు, దిద్రాక్మాలు, అక్షరాలు గ్రీకువి. మన నల్గొండ జిల్లా అక్కనపల్లి వంటి చోట్ల బయటపడ్డ రోమన్ వెండి వేరు. అవి అగస్టస్, టైబీరియస్‌ల దెనారియస్‌లు, లాటిన్ అక్షరాలతో సామ్రాజ్యమంతటా, దాని ఎల్లలు దాటి కూడా చెల్లినవి.

టైబీరియస్ ద్రాక్మాల మీద కొండ కొసన కిరణాల కిరీటంతో, చేతిలో గోళం, రాజదండం పట్టుకున్న మూర్తి నిలబడి ఉంటుంది. సెవెరస్, కారకల్లా, గేటా కాలానికి నాణేలు ఎక్కువై, పనితనంలో ఒడుపు తగ్గింది. ఆఖరి పెద్ద విడుదల మూడవ గోర్డియన్‌ది. పర్షియా యుద్ధానికి సన్నాహం జరుగుతున్న ఆ ఏళ్లలో మూడు ద్రాక్మాల పెద్ద నాణెం కూడా వచ్చింది. ఆ తరువాత టంకశాల దాదాపు మూతపడింది. 260లో సాసానీయ రాజు మొదటి షాపూర్ ఊరినే పట్టుకున్నాడు.

బొరుసు మీద

ఏటవాలు రేఖలు, రాళ్ల గుబ్బలు, అక్కడక్కడా చెట్లు, అడుగున గుహలాంటి ఒక నోరు: కొండను చెక్కేవారు వాడిన సామగ్రి ఇంతే. శిఖరం మీద మాత్రం ఎన్నో మార్పులు. ఒకసారి నక్షత్రం, ఒకసారి గద్ద, ఒకసారి నిలబడిన మూర్తి. ఆ మూర్తి సూర్యదేవుడు హీలియోసా, చక్రవర్తా, కొండకు అధిష్ఠాన దేవతా అన్నది ఒక్కో నాణేన్ని బట్టి మారుతుంది. చెలామణిలో మొదట అరిగేది పైకి ఉబికి ఉన్న ఆ కొసే కాబట్టి, కేటలాగుల్లో ఈ మూర్తి పేరు మీద వాదాలు సాగుతూనే వచ్చాయి.

కంచు నాణేల మీద ఆసక్తికరమైన సంగతి ఒకటి తేలింది. వాటిలో కొండ బలిపీఠం మీద కూర్చుని ఉంటుంది, లేదా స్తంభాల గుడి లోపల కనిపిస్తుంది, లేదా నగరదేవత టైకీ దాన్ని అరచేతిలో పట్టుకుంటుంది. అసలు కొండ పీఠం మీద పట్టదు. అందుకే, ఊళ్లో కొండ నమూనా ఒకటి ఉత్సవ విగ్రహంలా పూజలందుకునేదని, చాలా నాణేలు చూపిస్తున్నది దాన్నేనని పండితుల అభిప్రాయం. పీటర్ వైస్ అనే జర్మన్ చరిత్రకారుడు 1985లో ఈ కొండ ఆరాధన మీద ప్రచురించిన వ్యాసం నేటికీ ఆధారం. చెక్కిన రత్నాల మీద కూడా ఇదే రూపం ఉండటం ఆ వాదానికి బలం.

తేదీ చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. గ్రీకులో ‘సంవత్సరం’ అనే మాటకు పొడి అక్షరాలు వేసి, పక్కన పాలన సంవత్సరాన్ని అక్షరాల్లో ఇస్తారు. ఇయోటా అంటే 10, జీటా అంటే 7. సెప్టిమియస్ సెవెరస్ నాణెం మీద ఈ రెండూ పక్కపక్కన ఉంటే పదిహేడో ఏడు, 193లో అతను గద్దెనెక్కాడు కాబట్టి 208–209. రోమ్ నగరపు నాణేలకు తేదీ కట్టాలంటే బిరుదులన్నీ లెక్కపెట్టాలి. ఇక్కడ రెండక్షరాలతో పని తీరుతుంది.

సేకర్తలు

ఐరోపాలో నాణేల సేకరణ మొదలైనప్పుడు అందరి చూపూ చక్రవర్తుల ముఖాల మీదే. గ్రీకు అక్షరాలున్న రాష్ట్రీయ నాణేలు వెనకబడ్డాయి. వాటికి ఒక పుస్తకం అంకితం చేసినవాడు 14వ లూయీ కోసం తూర్పు దేశాలు తిరిగిన ఫ్రెంచి సేకర్త జాన్ ఫోయ్-వయ్యాన్. అతని సంకలనం 1698లో పారిస్‌లో వెలువడింది. అల్జీర్స్ ఓడదొంగల చెరలో కొన్నాళ్లు గడిపి తిరిగి వస్తుండగా మరో దొంగల ఓడ కనబడితే, దగ్గరున్న ఇరవై దాకా బంగారు నాణేలను మింగేశాడన్న కథ అతని జీవిత చరిత్రలన్నిటిలోనూ ఉంటుంది. వాటిని ఎలా బయటికి రప్పించాలన్నది వైద్యులు తలొక మాట చెప్పిన వ్యవహారం.

అసలు మలుపు ఫ్రెంచి నౌకాదళ అధికారి జోసెఫ్ పెలెరిన్‌తో వచ్చింది. 1763 నుంచి వెలువడిన తన సంపుటాల్లో ఆయన నాణేలను ఊళ్ల వారీగా, దేశాల వారీగా పేర్చాడు. చక్రవర్తి పక్కకు జరిగి ఊరు ముందుకొచ్చింది. వియన్నాలో నాణేల పండితుడు ఎక్‌హెల్ ఆ పద్ధతినే శాస్త్రంగా స్థిరపరిచాడు. ఈ క్రమం లేకుంటే కైసరియా నాణేలు పాతికమంది చక్రవర్తుల అరల్లో చెల్లాచెదురుగా ఉండిపోయేవి. ఒక్క పళ్లెంలో చేరాకే కొండ కంటపడింది.

19వ శతాబ్దంలో ఆసియా మైనర్ నాణేల పెద్ద సేకర్త, 1879లో ఫ్రాన్స్ ప్రధాని కూడా అయిన విలియం హెన్రీ వాడింగ్టన్. ఆయన సేకరణ 1897లో ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయానికి చేరింది. వార్విక్ రాత్ రాసిన బ్రిటిష్ మ్యూజియం కేటలాగు 1899లో వచ్చింది. కైసరియాకు మాత్రమే ప్రత్యేకమైన పుస్తకం 1933 నాటిది. రాసినవాడు ఎడ్వర్డ్ సిడెన్‌హామ్ అనే ఆంగ్ల క్రైస్తవ మతాధికారి. వేలం కేటలాగుల్లో నేటికీ ‘సిడెన్‌హామ్ సంఖ్య’ కనిపిస్తుంది. వెస్పేసియన్ నుంచి కొమొడస్ వరకు వెండిని అచ్చుల స్థాయిలో పరిశీలించిన విలియం మెట్‌కాఫ్ గ్రంథం 1996లో వచ్చింది. ఇస్తాంబుల్‌లో ఉండిన జర్మన్ బ్యాంకర్ హాన్స్ ఫొన్ ఆవులాక్ సేకరణ సంపుటాలు (1957–68) కంచు నాణేలకు తప్పనిసరి. రోమన్ రాష్ట్రీయ నాణేలన్నిటినీ ఒకచోట చేర్చే ప్రాజెక్టు మొదటి సంపుటి 1992లో వచ్చాక కొత్త సేకర్తలకు దారి సుగమమైంది.

సేకరణ, చట్టం

సెవెరస్ కాలపు ద్రాక్మాలు ఎక్కువగా దొరుకుతాయి, తొలి శతాబ్దానివి తక్కువ. అచ్చు మధ్యలో పడక కొండ కొస నాణెపు బిళ్ల బయటికి పోవడం ఈ వరుసలో తరచు లోపం. మంచి నాణేనికి ధర పెరిగేది కొసమూర్తి నిలిచి ఉంటేనే. పోతపోసిన నకిలీలకు అంచున అతుకు గీత, తూకంలో తేడా, గుండ్రబారిన అక్షరాలు మొదటి ఆనవాళ్లు.

వీటన్నిటికన్నా ముందు అడగవలసింది, నాణెం ఎక్కడి నుంచి వచ్చిందని. 1983 నాటి 2863వ నంబరు చట్టం ప్రకారం తుర్కియే నేలలో దొరికే పురావస్తువులు ప్రభుత్వానివి, అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. 1984లో ఎల్మలి దగ్గర తవ్వి దొంగతనంగా తరలించిన దాదాపు 1,900 వెండి నాణేల్లో చాలావరకు సుదీర్ఘ వ్యాజ్యం తరువాత 1999లో వెనక్కి వచ్చాయి. 2021లో అమెరికా, తుర్కియే మధ్య ఒప్పందం కుదిరాక అమెరికా దిగుమతి ఆంక్షల జాబితాలో నాణేలు కూడా చేరాయి. ఈ మార్పుల వల్ల పాత వేలం కేటలాగులో బొమ్మ ఉన్న అర్గయోస్ ద్రాక్మాకు, అదే రకమైనా పూర్వ చరిత్ర లేని ద్రాక్మాకు మధ్య ధరలోనూ, కొనేవారి ధైర్యంలోనూ తేడా వచ్చింది.