దస్తఖత్ ఎవరిది? రేగన్, ఇరాన్-కాంట్రా వ్యవహారం

సియాసత్ గురించి మాట్లాడుకునేటప్పుడు ఓ మాట తరచూ వినపడుతుంది: "పెద్దాయన మంచోడే, చుట్టూ ఉన్నోళ్లే పాడుచేశారు." బాద్‌షాల జమానా నుంచీ పాలకులను కాపాడుతున్న మాట ఇది. అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రేగన్‌ని కాపాడింది కూడా ఇంచుమించు ఇదే.

వాఖియా తెలియని దోస్తుల కోసం క్లుప్తంగా చెప్తాను. 1980లలో లెబనాన్‌లో కొందరు అమెరికన్లు బందీలుగా ఉన్నారు. వాళ్లను పట్టుకున్నవాళ్ల మీద ఇరాన్‌కి పట్టుంది. ఆ ఇరాన్ అప్పుడు ఇరాక్‌తో జంగ్‌లో ఉంది. ఇరాన్‌కు హత్యార్లు అమ్మొద్దని దునియా మొత్తానికీ నసీహత్ చెప్తున్న అమెరికాయే 1985లో ఇజ్రాయెల్ ద్వారా, 1986లో నేరుగా, ఖుఫియాగా ఇరాన్‌కు మిసైళ్లు పంపింది. 1986 నవంబర్ 3న బేరూత్ పత్రిక అష్‌షిరా గుట్టు విప్పింది. నవంబర్ 13న రేగన్ టీవీలోకొచ్చి, బందీల కోసం ఆయుధాల బేరం ఆడలేదన్నాడు. నవంబర్ 25న ఇంకో బాంబు పేలింది. ఆ అమ్మకాల లాభంలో కొంత నికరాగువాలోని కాంట్రా తిరుగుబాటుదారులకు మళ్లింది. వాళ్లకు సైనిక సాయం చేయకూడదని 1984లోనే కాంగ్రెస్ కానూన్ చేసి ఉంది.

ఆ రోజు నుంచి సవాల్ అంతా ఒక్కటైపోయింది: కాంట్రాల పైసల సంగతి ఆయనకు తెలుసా? జాతీయ భద్రతా సలహాదారు పాయిండెక్స్‌టర్, నేను చెప్పలేదు, జిమ్మేదారీ నాదేనని కాంగ్రెస్ ముందు గవాహీ ఇచ్చాడు. దాంతో అధ్యక్షుడు బతికిపోయాడు.

నా దృష్టిలో ముందు అడగాల్సిన సవాల్ అది కాదు. హత్యార్ల బేరానికి హుకుం ఇచ్చిందెవరు? దీనికి సుబూత్ ఉంది. 1986 జనవరి 17న రేగన్ దస్తఖత్ చేసిన కాగితం ఈ అమ్మకాలకు మంజూరీ ఇచ్చింది, కాంగ్రెస్‌కు ఖబర్ ఇవ్వొద్దనీ చెప్పింది. అంతకుముందు 1985 డిసెంబర్‌లో, జరిగిపోయిన రవాణాకు వెనకనుంచి మంజూరీ ఇస్తూ ఆయన ఇంకో కాగితం మీద సంతకం చేశాడు. దాన్ని తర్వాత తానే చింపేశానని పాయిండెక్స్‌టర్ ఒప్పుకున్నాడు.

వజీర్లు ధోకా ఇచ్చారందామా? విదేశాంగ మంత్రి షుల్ట్జ్, రక్షణ మంత్రి వైన్‌బర్గర్ ఇద్దరూ ఈ బేరం వద్దని ఆయన ముఖం మీదే చెప్పారు. 1985 డిసెంబర్ 7 సమావేశంలో రేగన్ అన్న మాటలు వైన్‌బర్గర్ రాసుకున్న నోట్సులో ఉన్నాయి. కానూన్ తప్పానంటే జవాబ్ చెప్పుకోగలను కానీ, బందీలను విడిపించే మౌకా వదులుకున్నానంటే చెప్పుకోలేనని వాటి సారాంశం. హెచ్చరిక విని, తూచుకుని, ఆయనే ఫైసలా చేశాడు.

నీయత్ మాటేమిటి అంటారా? బందీల కుటుంబాలను కలిసినప్పుడు ఆయన మనసు కరిగిందనే నేనూ నమ్ముతాను. కానీ ముగ్గురు విడుదలైతే, 1986 సెప్టెంబర్, అక్టోబర్‌లలో బేరూత్‌లో మరో ముగ్గురు అమెరికన్లను ఎత్తుకుపోయారు. ధర దొరికే సరుకు కోసం దొంగ మళ్లీ వస్తాడు. పైగా అదే కాలంలో ఇరాన్ ఫౌజు కదలికల సమాచారం వాషింగ్టన్ నుంచి బాగ్దాద్‌కు అందుతోంది. రెండు వైపులా చనిపోతున్న ఇరానీ, ఇరాకీ నౌజవాన్ల లెక్క ఈ రహమ్‌దిల్ హిసాబ్‌లో లేదు.

విచారణలో, మొదటి రవాణాకు ముందే ఇజాజత్ ఇచ్చానని ఒకసారి, ఇవ్వలేదని మరోసారి, యాద్ లేదని చివరికి రేగన్ టవర్ కమిషన్‌కు చెప్పాడు. 1987 మార్చి 4న టీవీలో, తన దిల్ ఇప్పటికీ బేరం జరగలేదనే అంటోందనీ, వాస్తవాలు మాత్రం జరిగిందని చెప్తున్నాయనీ ఒప్పుకున్నాడు. ఆ నవంబర్‌లో కాంగ్రెస్ కమిటీల నివేదిక, ఆఖరి జిమ్మేదారీ అధ్యక్షుడిదేననీ, తన సలహాదారులు చేస్తున్నది ఆయనకు తెలియకపోతే తెలిసి ఉండాల్సిందనీ తేల్చింది.

సజా మాటకొస్తే, పాయిండెక్స్‌టర్, నార్త్‌ల మీద పడ్డ శిక్షలు అప్పీలులో ఎగిరిపోయాయి. 1992 డిసెంబర్ 24న అధ్యక్షుడు బుష్ ఆరుగురికి మాఫీ ఇచ్చాడు. వద్దన్న వైన్‌బర్గర్, తన నోట్సు దాచాడన్న ఇల్జామ్‌తో అదాలత్ గుమ్మం దాకా వెళ్లి, ఆ మాఫీతో బయటపడ్డాడు. హుకుం ఇచ్చిన రేగన్ మీద కేసే లేదు.

అందుకే, "సాబ్‌కు తెలియదు" అని ఏ ముల్క్‌లో ఎవరన్నా, నేను ముందు కాగితం కింద దస్తఖత్ ఎవరిదో వెతుకుతాను.