మేనరికము: శిలాశాసనము నుండి జన్యుశాస్త్రమునకు

పలనాటిలో, మాచెర్లకు సమీపమున, కృష్ణాతీరమున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండెడిది. ఆ లోయ నేడు నాగార్జునసాగర జలాశయమున మునిగియున్నది. నీటిపైకి నిలిచిన కొండమీది ప్రదర్శనశాలలో అచటి శిల్పములు, శాసనములు కొన్ని భద్రముగా నున్నవి. 1926లో బయటపడిన ఆ స్థలము బౌద్ధచరిత్రకు నిధియని మనము వినియున్నాము. మన యిండ్లలోని ఒక ఆచారమునకు కూడ అది సాక్ష్యమని తలచువారు తక్కువ.

క్రీస్తుశకము మూడవ శతాబ్దమున పాలించిన వీరపురుషదత్తుని ఆరవ పాలనా సంవత్సరమున, మహాచైత్యము చెంత స్తంభములు నిలిపిన రాజస్త్రీలు తమ బంధుత్వములను వివరముగా చెక్కించిరి. శాంతమూల మహారాజు తోబుట్టువగు హమ్మసిరినిక కుమార్తెననియు, వీరపురుషదత్తుని దేవేరిననియు బాపిసిరినిక చెప్పుకొన్నది. వీరపురుషదత్తుడు శాంతమూలుని కుమారుడు. కనుక ఆమె అతనికి మేనత్త కూతురు. మరియొక మేనత్త చాంతిసిరి, పదునెనిమిదవ సంవత్సరపు శాసనమున, రాజును తన అల్లుడని పేర్కొన్నది.

పదునేడు వందల యేండ్లనాటి యీ వరుసలు మనకు క్రొత్తవి కావు. మేనత్త కూతురిని, మేనమామ కూతురిని, అక్క కూతురిని చేసికొనుట తెలుగునాట వాడుకయే. ఆస్తి చెదరదు, ఆడపిల్ల ఎరిగిన యింట మెలగును అని పెద్దలు చెప్పు కారణములు పొల్లుమాటలు కావు. అయినను శాస్త్రము మరియొక లెక్క చూపినది.

దాదాపు ప్రతి జన్యువునకును మనయందు రెండు ప్రతులుండును. ఒకటి తల్లి యిచ్చినది, ఒకటి తండ్రి యిచ్చినది. ఒకదానిలో లోపమున్నను రెండవది పని నడుపును. రెండింటను లోపమున్నప్పుడే కొన్ని వ్యాధులు పైకి వచ్చును. మూత్రము నల్లబడు ఒక అరుదైన వ్యాధి గలవారి తల్లిదండ్రులు తరచుగా దగ్గరి బంధువులగుటను 1902లో ఇంగ్లండున గారడ్ అను వైద్యుడు గుర్తించెను. మేనత్త, మేనమామ బిడ్డలకు జన్యువులలో ఎనిమిదవ వంతు ఉమ్మడి. మేనమామకు, మేనకోడలికి నాల్గవ వంతు.

పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు, ప్రసిద్ధ జన్యుశాస్త్రజ్ఞుడు హాల్డేన్ శిష్యుడు. ఆయనయు మీరాఖాన్‌యు 1963లో ఆంధ్రప్రదేశపు రక్తసంబంధ వివాహములను గూర్చి పరిశోధన ప్రకటించిరి. సామాన్యముగా నూటికి ఇద్దరు ముగ్గురు శిశువులు పుట్టుకలోపముతో జన్మింతురు. మేనరికపు సంతతిలో ఆ సంఖ్య సుమారు రెట్టింపగునని పెక్కుదేశముల అధ్యయనములు చెప్పుచున్నవి. అనగా నూటికి తొంబదిమందికి పైగా ఆరోగ్యవంతులే. పూర్వులు ఈ ప్రమాదమును పసిగట్టలేకపోవుటకు కారణ మదియే కావచ్చును.

హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమువారును, హార్వర్డు విశ్వవిద్యాలయమువారును 260కి పైగా దక్షిణాసియా సముదాయములను పరీక్షించి 2017లో ప్రకటించిన ఫలితము మరింత ఆలోచింపజేయును. కొలదిమంది పూర్వులనుండి పుట్టి, తరతరములు తమలో తామే సంబంధములు చేసికొన్న సముదాయములలో కొన్ని లోపములు పేరుకొనియున్నవి. కావున మేనరికము మానినంతనే సంశయము తీరిపోదు.

పుట్టుచెవిటి బిడ్డను, బుద్ధి యెదగని బిడ్డను కన్నతల్లిని ఇంటివారు నిందించుట మనము చూచినదే. ఇట్టి వ్యాధులలో లోపము ఇరువురినుండియు వచ్చును. ఒక్క తల్లిని దూషించుట అన్యాయము. ఇది మార్చరాని తలవ్రాతయు కాదు. 1934లో నార్వే వైద్యుడు ఫోలింగ్ కనుగొన్న వ్యాధినే చూడుడు. పుట్టినవెంటనే గుర్తించి ఆహారము మార్చినచో బిడ్డ మెదడు చెడకుండ కాపాడవచ్చును. హైదరాబాదు బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యువ్యాధుల ఆసుపత్రి ఇట్టి కుటుంబములకు సలహా నిచ్చుచున్నది.

విజయపురి రాణులు తమ బంధుత్వమును దాచక రాతిపై చెక్కించిరి. సంబంధము నిశ్చయించు నాడు ఇరువైపులవారమును మన యింటి వ్యాధులను దాచక చెప్పుకొందుము గాక.